డెబ్బై రెండు కిలోల మంత్రిగారు

నేను ఒక కాటాని. బంగారం తూచే సుకుమారపు త్రాసుని కాను, బస్తాలు తూచే ఇనప కాటాని. జానెడెత్తు పీట, తలవైపు ఒక స్తంభం, దాని మీద అడ్డంగా అంకెలు చెక్కిన దండె, దండె మీద అటూ ఇటూ జరిగే ఇత్తడి గుండు. ఇంతే నా శరీరం. పీట మీద బరువు పెట్టి, దండె సమంగా నిలిచేదాకా గుండు జరిపితే, గుండు ఆగినచోట ఉన్న అంకే నిజం. ఆ ఒక్క ముక్క తప్ప నాకు వేరే మాట రాదు. ఆ ఒక్క ముక్కకే ఒక ప్రభుత్వం గడగడలాడిందంటే మీరు నమ్మరు.

మా దేశం పేరు పగడద్వీప గణరాజ్యం. సముద్రం మధ్య తొమ్మిది దీవులు. మా జాతీయ విమాన సంస్థ చరిత్ర మీద ఈమధ్య ఒక పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, బంగారు అంచు, మూడువందల పేజీలు. అందులో మంత్రిగారి ఫొటోలు నలభై ఒకటి ఉన్నాయి, విమానాల ఫొటోలు ఆరున్నాయి. మజ్జి ఆదెమ్మ అనే మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. అందుకని ఈ కథ నేను చెప్పాల్సి వచ్చింది.

నేను పుట్టింది ఎక్కడో దూరదేశపు కార్ఖానాలో. ఆ ఊరి పేరు నా ఒంటి మీద పోతపోసి ఉండేది గానీ ఉప్పుగాలికి తుప్పు తినేసింది. ఓడలో రాజధాని రేవుపట్నానికి వచ్చి, ఎండుకొబ్బరి గిడ్డంగిలో పనికి కుదిరాను. అక్కడ నన్ను నడిపినవాడు సింహాచలం అనే పెద్దమనిషి. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి కొబ్బరితోటల్లో కూలికి వచ్చిన కుటుంబం వాళ్ళది. కొన్నాళ్ళకి సింహాచలం పని మానేశాడు. అతని కూతురు ఆదెమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు. నల్లటి సన్నటి మనిషి, మాట తక్కువ. చదువు రాదు గానీ అంకెలు వచ్చు, కూడికలు నోటితోనే చేసేది. వచ్చిన మొదటి రోజు నా గుండుని చింతపండుతో తోమి, దండె సమంగా ఉందో లేదో మూడుసార్లు చూసుకుంది. తరవాత నలభై ఏళ్ళు రోజూ అదే పని.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త దేశానికి ఒక జెండా, ఒక గీతం, ఒక విమానం ఉండాలని పెద్దలు తీర్మానించారు. జెండా ఒక మధ్యాహ్నంలో తయారైంది. గీతానికి రెండేళ్ళు పట్టింది. విమానం మాత్రం ఆరు రోజుల్లో వచ్చేసింది, ఎందుకంటే పక్కదేశం వాళ్ళు దాన్ని పారేసే ఆలోచనలో ఉన్నారు. రెండు పంకాలు, తొమ్మిది సీట్లు. దాన్ని నడపడానికి సుదర్శనం అనే పైలట్‌ని పిలిపించారు. ముప్పై దాటిన మనిషి, పరాయి సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఆయన విమానం చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాలు కాలితో తన్ని చూసి, "ఎక్కే ప్రతి మనిషినీ, ప్రతి సంచినీ తూచాలి. లేకపోతే నేను ఎక్కను" అన్నాడు.

మనుషుల్ని తూచే యంత్రం కొనడానికి ఒక కమిటీ వేశారు. అది నాలుగు దేశాలు తిరిగి, నాలుగు దేశాల్లోనూ భోజనాలు బాగున్నాయని నివేదిక ఇచ్చింది. ఈలోగా ప్రారంభోత్సవం ముంచుకొచ్చింది. ఎవరికో గిడ్డంగి గుర్తొచ్చి, నన్ను లారీ ఎక్కించారు. కాటాతోపాటు కాటామనిషి కూడా రావాలి కాబట్టి ఆదెమ్మ కూడా ఎక్కింది. నా ఒంటి మీద ఏడో నంబరు రాశారు. ఆదెమ్మకి ఎనిమిదో నంబరు ఉద్యోగం ఇచ్చారు. అంటే సర్వీసులో ఆమె కన్నా నేనే సీనియర్ని.

సంస్థకి గుర్తుగా గరుత్మంతుడు ఉండాలని కొందరు, హంస ఉండాలని కొందరు, మా దీవి సముద్రపు కాకి ఏం పాపం చేసిందని కొందరు. చివరికి మూడింటినీ కలిపి ఒక చిత్రకారుడి చేత వేయించారు. అది అచ్చం బాతులా వచ్చింది. విమానం తోక మీద దాన్ని చూసిన రోజు నుంచి జనం సంస్థని బాతు అనే పిలిచారు. "బాతు లేచిందా?" అని అడిగేవాళ్ళు. చాలా రోజులు లేచేది కాదు.

మనుషుల్ని తూచడం మొదలుపెట్టాక నాకు తెలిసిందేమిటంటే, కొబ్బరి బస్తాకి సిగ్గు లేదు, మనిషికి ఉంది. ఆడవాళ్ళు కొంగు బిగించి ఊపిరి బిగబట్టేవాళ్ళు, ఊపిరికి బరువున్నట్టు. మగవాళ్ళు చెప్పులు విప్పి, జేబులో చిల్లర తీసి, గడియారం కూడా తీసి ఎక్కేవాళ్ళు. తూకం అయ్యాక అవన్నీ తొడుక్కుని విమానం ఎక్కేవాళ్ళు. ఆదెమ్మ ఆ చెప్పులూ గడియారమూ చేత్తో పట్టి చూసి, ఆ బరువు కూడా కలిపేది. అంకె ఎప్పుడూ పైకి చదివేది కాదు. చీటీ మీద రాసి, మడిచి, నేరుగా కెప్టెన్ సుదర్శనం చేతికి ఇచ్చేది. ఆయన చీటీ చూసి, తలూపి, మెట్లెక్కేవాడు. పాతికేళ్ళలో ఆ ఇద్దరూ మాట్లాడుకున్నవి మొత్తం కలిపితే ఒక పోస్టుకార్డులో పడతాయి.

ఒకసారి ఒక పెద్ద ఇంటావిడ పీట మీదకి ఎక్కనని మొండికేసింది. ఆదెమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎక్కండమ్మా. కాటా కాడ అందరూ సరుకే. సరుక్కి సిగ్గేటి?" అంది. ఆవిడ నవ్వి ఎక్కింది.

సంస్థ పెరిగింది. జాతీయ సంస్థలు పెరిగే పద్ధతిలోనే పెరిగింది. ముందు డైరెక్టర్లు పెరిగారు. విమానాలు రెండయ్యేసరికి డైరెక్టర్లు పదకొండు మంది. అంటే ఇద్దరు పైలట్లు, వాళ్ళకి దారి చెప్పడానికి పదకొండు మంది. తరవాత ఒక పెద్ద జెట్టు కొన్నారు. కొన్నాక తెలిసింది, మా తొమ్మిది దీవుల్లో రేవుపట్నంలో తప్ప ఇంకెక్కడా అది దిగలేదని. దానికి తగ్గ పొడుగు రన్‌వే మరెక్కడా లేదు. కాబట్టి అది స్వాతంత్ర్య దినం నాడు లేచి, ఎనిమిది దీవుల్నీ పైనుంచి చూసి, లేచినచోటే దిగేది. దాన్ని "జాతీయ సమైక్యతా యాత్ర" అన్నారు. నిజంగా మనుషుల్నీ, మందుల్నీ, ఉత్తరాల్నీ దీవులకి చేరవేసింది మాత్రం ఆ పాత తొమ్మిది సీట్ల బాతే.

పదో ఏట వైకుంఠరావు గారు విమానయాన మంత్రి అయ్యారు. విమానాల శాఖకి ఆ పేరున్న మనిషిని పెట్టడం ఏం శకునమో అని కొందరు గొణిగారు గానీ, ఆయనకి అది వినపడలేదు. మొదటిసారి ఆయన చిన్న విమానం ఎక్కడానికి వచ్చినప్పుడు ఆదెమ్మ పీట చూపించింది. వెంట ఉన్న కార్యదర్శి అడ్డం వచ్చాడు.

"సారు బరువు డెబ్బై రెండు కిలోలు. గెజిట్‌లో ఉంది. తూచక్కర్లేదు."

"గెజిట్టు ఎక్కదు గదా బాబూ ఇమానం. సారే ఎక్కుతారు" అంది ఆదెమ్మ.

కార్యదర్శి ఆమెని పక్కకి నెట్టాడు. డెబ్బై రెండు కిలోలు మంత్రిగారి కాలేజీ రోజుల బరువు. ఆ తరవాత ఆయన జీవితంలో చాలా విందులు జరిగాయి గానీ గెజిట్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆదెమ్మ వాదించలేదు. ఆయన మెట్లెక్కుతుంటే మెట్టు ఎంత కుంగిందో చూసింది, చీటీ మీద ఒక అంకె రాసింది, సుదర్శనానికి ఇచ్చింది. ఆయన చీటీ చూసి, వెనక అరలోంచి రెండు పెట్టెలు దింపించాడు. ఆ పెట్టెల ఆసాములు దీవిలో దిగి, పెట్టెల కోసం నాలుగు రోజులు ఎదురుచూసి, బాతుని నోటికొచ్చినట్టు తిట్టారు. మా సంస్థకి సామాను ఆలస్యంగా వస్తుందని దేశమంతా చెడ్డపేరు వచ్చింది. అసలు కారణం ఆదెమ్మకీ, సుదర్శనానికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇలా జరిగిపోతుండగా ఇరవై మూడో ఏట కంప్యూటరు వచ్చింది. అది మనుషుల్ని తూచదు, మీ బరువెంత అని అడుగుతుంది. చెప్పింది నమ్ముతుంది. ఏదైనా నమ్మే ఆ గుణం చూస్తే, ప్రభుత్వోద్యోగం కోసమే పుట్టినట్టు ఉండేది. నన్ను తీసుకెళ్ళి కొత్త టెర్మినల్ హాల్లో నిలబెట్టి, చుట్టూ ఎర్రతాడు కట్టి, "మన వారసత్వం" అని బోర్డు పెట్టారు. ఆదెమ్మని కూడా నా పక్కనే నిలబెట్టారు. ఆమె పని నా దుమ్ము తుడవడం. బోర్డు ఇద్దరికీ కలిపే అనుకుంటాను.

ఆ రోజుల్లో విమానాశ్రయం అధికారి కూర్మారావు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కావడానికి కొంచెం ధైర్యం కావాలి. పై నుంచి వచ్చిన కాగితాన్ని కళ్ళకద్దుకుని, కింద సంతకం పెట్టడం తప్ప ఆయన పాపం ఎరగడు.

సంస్థకి పాతికేళ్ళు నిండాయి. రజతోత్సవం నాడు కొసదీవిలో కొత్త టెర్మినల్‌ని మంత్రిగారు ప్రారంభించాలని నిర్ణయించారు. కొసదీవి మా దీవుల్లో చివరిది. అక్కడి రన్‌వే కొబ్బరితోటలో మొదలై సముద్రంలో అంతమవుతుంది, మధ్యలో నేల తక్కువ. చిన్న విమానం తప్ప దిగదు. అందులో మనుషులూ సామానూ కలిపి ఏడువందల కిలోలు దాటకూడదని సుదర్శనం లెక్క. కంప్యూటరు తొమ్మిది మంది బరువు అడిగింది. తొమ్మిది మందీ తమకు నచ్చిన అంకె చెప్పారు. మంత్రిగారి పేరు చెక్కిన పాలరాతి ఫలకం ఒకటి కూడా వెళ్ళాలి. దాని మీద అక్షరాలు ఉన్నాయి కాబట్టి ఎవరో దాన్ని "పత్రాలు, ఐదు కిలోలు" అని ఎక్కించారు. మొత్తం ఆరువందల అరవై ఏడు. కంప్యూటరు సంతోషించి పచ్చదీపం వెలిగించింది.

ఆ ఉదయం హాలంతా పూలదండలు, బాండుమేళం, విలేకరులు. వానపట్టి ఉంది. మంత్రిగారు నడుస్తూ నడుస్తూ నా ముందు ఆగారు. బోర్డు చదివారు. ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఆయన ఆలోచనల్లో దేశానికి పనికొచ్చినది నాకు తెలిసి అదొక్కటే.

"మన సంస్థ ఈ కాటాతో మొదలైంది కదా. దీని మీద నిలబడి ఒక ఫొటో తీయించుకుంటాను" అన్నారు.

ఎర్రతాడు విప్పారు. మంత్రిగారు పీట ఎక్కి, నమస్కారం పెట్టి, కెమెరాల వైపు తిరిగారు. నా కీళ్ళు కిర్రుమన్నాయి. పక్కనే నిలబడ్డ ఆదెమ్మ చెయ్యి తనంతట తనే లేచింది. పీట మీద మనిషి ఉంటే గుండు జరపకుండా ఉండటం ఆమెకి చేతకాదు. గుండు డెబ్బై దాటింది, ఎనభై దాటింది, తొంభై దాటింది, నూట నాలుగు దగ్గర ఆగింది. దండె సమంగా నిలిచింది. కెమెరాలు క్లిక్కుమన్నాయి.

మంత్రిగారు ఫొటో దిగాక పరివారం ఊరుకుంటుందా? కార్యదర్శి ఎక్కాడు. సహాయకార్యదర్శి ఎక్కాడు. డైరెక్టర్లు ముగ్గురు ఎక్కారు. మంత్రిగారి బావమరిది చేతులు కట్టుకుని ఒకటి, నడుం మీద చేతులేసుకుని ఒకటి దిగాడు. కూర్మారావు కూడా మొహమాటపడుతూనే ఎక్కాడు. విమానంలో వెళ్ళాల్సిన తొమ్మిది మందీ ఒకరి తరవాత ఒకరు వచ్చి, నవ్వుతూ, ఎవరూ అడక్కుండానే తూయించుకున్నారు. నలుగురు కూలీలు పాలరాతి ఫలకం మోసుకొచ్చి, దండ సర్దడానికి కాసేపు నా మీద దింపారు. అదీ తూగింది. నూట ఇరవై.

ఆదెమ్మ చీటీ తీసింది. సంచుల బరువు కంటితో చూసి యాభై వేసుకుంది. మొత్తం తొమ్మిదివందల డెబ్బై ఎనిమిది. చీటీ మడిచి, రెండేళ్ళ తరవాత మళ్ళీ, సుదర్శనం దగ్గరికి నడిచి ఇచ్చింది. ఆయన ఒక చేతిలో కంప్యూటరు కాగితం, ఇంకో చేతిలో చీటీ పట్టుకుని రెండూ చూశాడు. కంప్యూటరు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రెండువందల డెబ్బై ఎనిమిది కిలోలు దిగాలి సార్" అన్నాడు మంత్రిగారితో. "మనుషులైనా సరే, రాయైనా సరే. మీ ఇష్టం."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. బాండువాళ్ళకి సంగతి తెలియక ఇంకాసేపు వాయించారు. మంత్రిగారు కూర్మారావు వైపు చూశారు. కూర్మారావు వచ్చి ఆదెమ్మ మోచెయ్యి పట్టుకుని నా స్తంభం చాటుకి తీసుకెళ్ళాడు. ఆయన నుదురంతా చెమట.

"ఆదెమ్మా, ఒక్క మాట చెప్పు చాలు. కాటా పాతబడింది, తప్పు చూపిస్తోందని చెప్పు. విలేకరులున్నారు. నీకు ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. నీ ఉద్యోగం నా చేతిలో లేదు, ఆయన చేతిలో ఉంది."

ఆదెమ్మ నా గుండు మీద చెయ్యి వేసి, దాని వైపు చూస్తూ చెప్పింది.

"బాబూ, ఈ కాటా మీద మా అయ్య పని సేసీవోడు. తవరికి తెల్దు. సావుకారు ఒకసారి పడవ మీద అరవై బస్తాలేసి, నలబై అని రాయమన్నాడు. మా అయ్య రాసీసినాడు. ఆ పడవ కొసదీవి కాడ ములిగిపోనాది. పదకొండు మంది. అందల నా పెనిమిటి ఒకడు. మాకు పెళ్ళయి అప్పటికి ఏడు నెల్లు. మా అయ్య మరి కాటా ముట్నేదు. సచ్చీదాకా నా మొకం సూణ్ణేదు. కాటా తప్పు సూపించనేదు బాబూ. అప్పుడూ సూపించనేదు, ఇప్పుడూ సూపించనేదు. సెయ్యి తప్పు రాసినాది. నా పని పోతే పోనీండి. ఆ మాట నేను సెప్పను."

ఆ రోజు నాకు గుర్తుంది. సింహాచలం అరవై బస్తాలూ నా మీదే తూచాడు. గుండు సరిగ్గానే జరిపాడు. అరవై చూశాడు, నలభై రాశాడు. తరవాత జరిగిన సంతాపసభకి సావుకారే అధ్యక్షత వహించి, సముద్రం క్రూరమైనదని మాట్లాడాడు. నిజం చెప్పడం ఒక్కటే వచ్చినవాడికి, ఆ నిజాన్ని ఎవరూ రాసుకోకపోతే ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

కూర్మారావు చెయ్యి వదిలేశాడు. మంత్రిగారి దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సుదర్శనం టోపీ తీసి చంకలో పెట్టుకుని నా పీట అంచు మీద కూర్చున్నాడు. ఆ మనిషి లేవడని అందరికీ అర్థమైంది. ఆ విమానం నడపగలిగిన ఇంకో పైలట్ ఉన్నాడు గానీ, అతనికి అప్పటికప్పుడు కడుపునొప్పి వచ్చింది.

మంత్రిగారు ఆలోచించారు. రాయిని దింపడానికి ఆయనకి మనసొప్పలేదు, దాని మీద ఆయన పేరుంది. "అయితే నేను జెట్టులో వస్తాను" అన్నారు.

"అక్కడ జెట్టు దిగదు సార్" అన్నాడు కూర్మారావు.

"దిగమని ఎవరన్నారు? పైనుంచే ప్రారంభిస్తాను."

అలాగే జరిగింది. మంత్రిగారూ, ఇద్దరు కార్యదర్శులూ రెండువందల సీట్ల జెట్టు ఎక్కారు. ఆ ముగ్గురూ దిగేసరికి చిన్న విమానం బరువు ఆరువందల తొంభై ఐదుకి వచ్చింది. ఆదెమ్మ కొత్త చీటీ రాసిచ్చింది. రాయీ, మిగిలిన ఆరుగురూ చిన్న విమానంలో బయల్దేరారు. రాయికి బాధ్యుడిగా కూర్మారావు ఆ ఆరుగురిలో ఒకడు.

కొసదీవి మీద అప్పుడే వాన కురిసి వెలిసింది. మంత్రిగారి జెట్టు పైన మూడు చుట్లు తిరిగింది. మంత్రిగారు కిటికీలోంచి నమస్కారం పెట్టి, టెర్మినల్ ప్రారంభమైందని ప్రకటించి వెళ్ళిపోయారు. కింద జనం దారి తప్పిన విమానం అనుకున్నారట. సుదర్శనం చిన్న విమానాన్ని తడిసిన రన్‌వే మీద దింపాడు. చక్రాలు జారాయి. బ్రేకు పట్టలేదు. కొబ్బరిచెట్లు వెనక్కి పోయాయి, టెర్మినల్ వెనక్కి పోయింది, స్వాగతం పలకడానికి నిలబడ్డ బడిపిల్లలు వెనక్కి పోయారు. సముద్రం ఎదురొచ్చింది. విమానం ఆగింది.

కూర్మారావు మెట్లు దిగి ముందుకి నడిచాడు. ముందు చక్రానికీ నీళ్ళకీ మధ్య ఎన్ని అడుగులున్నాయో కొలిచాడు. పది. ఇంకోసారి కొలిచాడు. అప్పుడు ఇసకలో కూలబడ్డాడు. సుదర్శనం పక్కన వచ్చి నిలబడి, "ఇంకో మూడువందల కిలోలుంటే మనం ఈపాటికి చేపలకి ఉపన్యాసం ఇస్తూ ఉండేవాళ్ళం" అన్నాడట. కూర్మారావు తిరుగుప్రయాణం పడవలో చేశాడు. పద్నాలుగు గంటలు పట్టింది.

ఆయన వచ్చేసరికి దేశం అట్టుడికిపోతోంది. విమానం సముద్రం ఒడ్డున ఆగిన సంగతి గురించి కాదు, అది ఏ పేపర్లోనూ రాలేదు. మంత్రిగారి ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది, అందులో నా గుండు నూట నాలుగు మీద ఉంది. గెజిట్‌లో డెబ్బై రెండు. మిగతా ముప్పై రెండు కిలోలు ఎక్కడివని ప్రతిపక్షం శాసనసభలో నిలదీసింది. మంత్రిగారి పక్షం వాళ్ళు ఆ బరువు జాతి బాధ్యతలదని జవాబిచ్చారు. కమిటీ వేశారు. ఆ కమిటీ ఇంకా కూర్చునే ఉందని విన్నాను.

ఆదెమ్మ ఉద్యోగం పోయింది. "జాతి గౌరవానికి భంగం కలిగించే బరువును అనుమతి లేకుండా నమోదు చేసినందుకు" అని ఉత్తర్వు వచ్చింది. కింద సంతకం కూర్మారావుదే. అలవాటైన చెయ్యి కదా. ఆదెమ్మ ఉత్తర్వు మడిచి బొడ్లో దోపుకుని, నా గుండు ఒకసారి తుడిచి, వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం సుదర్శనం విమానం దగ్గరికి వచ్చి, "చీటీ ఏది?" అని అడిగాడు. కంప్యూటరు కాగితం ఇచ్చారు. "ఇది కాదు. ఆదెమ్మ గారి చీటీ" అన్నాడు. ఆమె లేదన్నారు. ఆయన వెళ్ళి క్యాంటీనులో కూర్చున్నాడు. రెండో పైలట్‌కి కడుపునొప్పి మళ్ళీ తిరగబెట్టింది. మూడు రోజులు ఏ దీవికీ బాతు వెళ్ళలేదు. మందులు వెళ్ళలేదు, ఉత్తరాలు వెళ్ళలేదు. ఆమెని వెనక్కి పిలవాలంటే ఆమె రాసిన బరువు నిజమని ఒప్పుకోవాలి. అది ప్రభుత్వానికి కుదరదు.

నాలుగో రోజు కూర్మారావు తలుపు మూసుకుని ఒక కాగితం టైపు చేశాడు. టెర్మినల్ హాల్లోని పూలకుండీల పర్యవేక్షణకి ఒక మహిళని నియమిస్తున్నట్టు. పేరు మజ్జి ఆదెమ్మ. కుండీలన్నీ తెచ్చి నా చుట్టూ పెట్టించాడు. నన్ను వారసత్వం జాబితాలోంచి తీసేసి, "కుండీలు పెట్టుకునే ఇనప స్టాండు" అని రాశాడు. జీవితంలో ఆయన చేసిన ఒకే ఒక్క దొంగపని అది. ఆ కాగితం పట్టుకుని ఆదెమ్మ ఇంటికి తనే వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను అక్కడ లేను. మర్నాడు ఆమె వచ్చింది. కుండీలకి ఒక చెంబుడు నీళ్ళు పోసి, చెయ్యి తుడుచుకుని, గుండు పట్టుకుంది.

అలా ఆరేళ్ళు మా దేశంలో ప్రతి చిన్న విమానం ఒక తోటమాలి రాసిన చీటీ మీద లేచింది. ఒక్కటీ పడలేదు. ఆ ఆరేళ్ళకీ అత్యంత సురక్షిత సంస్థ అని ఏదో బహుమతి వస్తే, దాన్ని అందుకోవడానికి వైకుంఠరావు గారు జెట్టులో వెళ్ళారు.

ఇప్పుడు నేను హ్యాంగరు వెనక పాతసామాను దిబ్బలో ఉన్నాను. నా పక్కనే ఆ జెట్టు ఉంది. ఇంజన్లు విప్పుకుపోయారు, దాని రెక్కల కింద గోరింకలు కాపురం పెట్టాయి. ఇక్కడికి రాకముందు నేను తూచిన చివరి మనిషి ఆదెమ్మ.

ఆమె ఉద్యోగం చివరి రోజు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఆ ఉదయం ఉతికిన చీర కట్టుకుని, చిన్న సంచితో వచ్చింది. కొసదీవికి టికెట్టు చూపించింది.

"ఎందుకు ఆదెమ్మా?" అని అడిగాడు కూర్మారావు.

"ఇన్నేళ్ళూ అందర్నీ తూసి పంపీసినాను. ఎక్కడికి పంపీసినానో ఒకసారి సూడొద్దా బాబూ" అంది.

సంచితో సహా పీట ఎక్కి నిలబడింది. గుండు జరపడానికి ఎవరూ లేరు. కూర్మారావు అటూ ఇటూ చూసి, తనే వచ్చి గుండు పట్టుకున్నాడు. అలవాటు లేని వేళ్ళతో అటు ఎక్కువ జరిపి, ఇటు ఎక్కువ జరిపి, చివరికి నిలబెట్టాడు.

"నలభై ఐదు" అన్నాడు.

ఆదెమ్మ పీట మీదనుంచే వంగి, కళ్ళు చికిలించి, దండె వైపు చూసింది.

"నలబై ఏడు. మరేద కోసం రెండు తగ్గించకు బాబూ. సరిగ్గా రాయి."

కూర్మారావు నలభై ఏడు రాశాడు. చీటీ మడిచాడు. ఎవరి చేతికీ ఇవ్వకుండా, అరవైకి దగ్గరపడ్డ ఆ అధికారి తనే విమానం దాకా పరిగెత్తుకుంటూ వెళ్ళి కెప్టెన్‌కి ఇచ్చి వచ్చాడు. ఆదెమ్మ సంచి చంకన పెట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కింది. మెట్టు పెద్దగా కుంగలేదు.